రెండో శంఖం

దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెలలో ప్రతి శుక్రవారం ఇత్తడి సామాను తోమే పని నాదే. గరుడకంబం అనే దీపపు సెమ్మె, జేగంట, నామాల చెంబు, హారతి పళ్ళెం, అన్నీ వాకిట్లో పట్ట మీద పరిచి, నానబెట్టిన చింతపండుతో ఒక్కొక్కటిగా రుద్ది, ముగ్గుపిండితో మెరుగు పెట్టి, ఎండలో బోర్లించాలి. చివరగా శంఖాలు కడగాలి. మా ఇంట్లో శంఖాలు రెండు. ఒకటి మా మామ మునస్వామిది, ఆయన తాతల నాటిది. అంచు కాస్త విరిగింది, రంగు పసుపుకు తిరిగింది. పట్టుకుంటే, తరాలుగా వేళ్ళు ఆనిన చోట మన వేళ్ళు వాటంతట అవే కుదురుకుంటాయి. రెండోది నా భర్త గిరిబాబు తిరుపతిలో కొన్నది. తెల్లగా, నున్నగా, అద్దాల బీరువాలో పెట్టుకునేంత ముద్దుగా ఉంటుంది. దానికి వెండి తొడుగు కూడా వేయించాడు. ఆ రెండోది ఇంతవరకు ఒక్కసారి కూడా పలకలేదు. జనం కళ్ళకద్దుకునేది మాత్రం దాన్నే.

మాది జీవాలు మేపుకునే ఇల్లు. పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య, బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే మెట్ట ఊరు. మా మామకు గొర్రెల మందతో పాటు దాసరితనం కూడా వాళ్ళ నాయన దగ్గర నుంచే వచ్చింది. పెరటాసి శనివారాల్లో చుట్టుపక్కల రైతుల ఇళ్ళల్లో తళిగ వేస్తారు. అరిటాకుల మీద అన్నం రాశిగా పోసి, చుట్టూ పులిహోర, వడలు, పొంగలి పెట్టి వెంకటేశ్వరస్వామికి చూపిస్తారు. దాసరి వచ్చి శంఖం ఊదితేనే ఆ కబురు సామికి చేరినట్టు. అంతవరకు ఇంట్లో ఎవరూ ఎంగిలి పడరు. ఎవరైనా పోయినప్పుడు పాడె ముందు నడిచేది కూడా దాసరే. ఫలానా మనిషి బయల్దేరాడు, తలుపు తీసి ఉంచమని సామికి చెప్పే శంఖం అది. అందుకే దాసరి గడప దగ్గరకు వస్తే ఎంత పెద్ద రైతైనా కాళ్ళకు నీళ్ళు పోసి, నువ్వు సామి పంపిన మనిషివి అని దండం పెడతాడు. మరునాడు అదే దాసరి అదే ఇంటికి గొర్రెల ఎరువు తోలుకుపోతే, ఆ దిబ్బ దగ్గర పోసి పోరా అంటాడు. మామ దీన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు. "దండం నాకు గాదు, శంఖానికి. తిట్టు మాత్రం నాకే," అని నవ్వేవాడు.

గిరిబాబుకు శంఖం పలకదు. చిన్నప్పుడు మామ నేర్పించబోయి విసిగిపోయి వదిలేశాడు. బుగ్గలు రెండూ ఉబ్బించి ఊదితే లోపల నుంచి పిల్లి చీదినట్టు ఒక శబ్దం వస్తుంది, అంతే. కుప్పంలో రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేరాక అతనికి మంచి సాకు దొరికింది. రాతిదుమ్ము మింగి మింగి ఊపిరి సాలడం లేదని అందరికీ చెబుతాడు. ఫ్యాక్టరీలో చేరకముందు కూడా పలకలేదని నాకూ తెలుసు, మా అత్త వెంకటలక్ష్మమ్మకూ తెలుసు. అత్త ఎవరితోనూ అనదు. నేను అన్నా వినే వాళ్ళు లేరు.

శంఖం కడిగితే దాని కడుపులో నీళ్ళు నిలిచిపోతాయి. ఎంత వంచినా, ఎంత విదిలించినా ఆ మెలికల్లో కొన్ని చుక్కలు ఉండనే ఉంటాయి. వాటి కోసం అత్త దాన్ని గుడ్డలో బోర్లించి తెల్లారేదాకా వదిలేసేది. పెళ్ళయిన మొదటి పెరటాసిలో నాకు అంత ఓపిక లేక, పైపులో అడ్డం పడిన చెత్తను ఊదినట్టు నోరు పెట్టి గట్టిగా ఒక్క ఊదు ఊదాను. శంఖం పలికింది. చిన్నగా కాదు. దొడ్లో గొర్రెలన్నీ తలలెత్తాయి. పక్కింటి వాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. అత్త పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి శంఖం లాక్కుంది.

"ఎంత పని చేస్తివే. మొగోళ్ళు నోరు పెట్టే దాంట్లో ఆడదాని నోరా? కడుపులో గాలంతా పైకి తన్నితే రేపు బిడ్డ నిలస్తాదా?"

బిడ్డ నిలిచింది. పేరు చంద్రిక. మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. అత్తకు ఆ మాట గుర్తు చేస్తే, అదంతా తను ముడుపు కట్టిన పుణ్యమంటుంది.

కొన్నాళ్ళకు, గుట్ట మీద జీవాలు మేపుతున్న మామకు నేను సద్ది తీసుకెళితే, కంబళి మడతలో నుంచి శంఖం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఊదు సూద్దాం," అన్నాడు. ఊదాను. "నోటితో గాదు తల్లీ. నోరు ఊరికే దారి ఇచ్చేది. గాలి బొడ్డు కింద నుంచి రావల్ల."

అట్లా గుట్ట మీద, గొర్రెల మధ్య, ఎవరికీ చెప్పకుండా నేర్చుకున్నాను. ఆ గుట్ట మీద నాకు దొరికింది ఏమిటో అప్పుడు అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. తెల్లారకముందే లేచి పేడ ఎత్తి, పాలు పిండి, సంగటి కెలికి, బోకులు తోమి, టెంపో ఎక్కి మదనపల్లె మండీకి పోయి సాయంత్రం దాకా టమోటాలు ఏరి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తాను. ఇందులో ఒక్క పని కూడా ఇదిగో ఇది నేను చేశాను అని చూపించడానికి మిగలదు. సంగటి తినేస్తారు. దొడ్డి మళ్ళీ పేడవుతుంది. మండీలో మేస్త్రీకి నా పేరు కూడా తెలియదు, ఏయ్ చివరి గంపా అంటాడు. ఇంట్లో గిరిబాబు ఫోన్లో ఎవరైనా మీ ఇంటామె ఏం చేస్తుందంటే, ఇంట్లోనే ఉంటాది, ఏమీ చెయ్యదు అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు నేను అతని పక్కనే అతని ఫ్యాక్టరీ బట్టల్లోంచి రాతిదుమ్ము దులుపుతూ ఉంటాను. కానీ గుట్ట మీద ఊదితే ఎదుటి గుట్ట తిరిగి పలికేది. నాలో అంత గొంతు ఉందని నాకే తెలియదు. నాకు చాలా సంతోషంగా ఉండేది. దానికి ఇంకో మాట వెతకాల్సిన పని లేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో మామ మంచం పట్టాడు. గిరిబాబు కుప్పంలోనే చిక్కుకుపోయాడు. అప్పుడే పక్క ఊరి ఆంజనేయులన్న వాళ్ళ నాయన ఆసుపత్రిలో పోయాడు. ఆంజనేయులన్న మా వైపు పెద్ద రైతు. టమోటా తోటలు, మామిడి తోటలు ఉన్నాయి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. అలాంటి మనిషి మా వాకిట్లో మాస్కు కిందికి లాగి ఏడుస్తూ నిలబడ్డాడు. మోసే వాళ్ళు లేరు, అంబులెన్సులోనే చేను దాకా తీసుకొస్తున్నారు, దాసరి కూడా లేకుండా నాయన్ను ఎట్లా పంపేది అన్నాడు. మామ మంచంలో నుంచి చెయ్యెత్తి నన్ను చూపించాడు.

"ఆడమనిషి గదా మునస్వామీ," అన్నాడు ఆంజనేయులన్న.

"గాలికి ఆడేంది, మొగేంది అప్పా. పలికిందా లేదా, అంతే."

ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. మా తొట్టిలో నీళ్ళే చెంబుతో ముంచుకొచ్చి నా కాళ్ళ మీద పోసి, వంగి ముట్టుకుని, "సామి పంపిన మనిషివమ్మా నువ్వు, రా," అన్నాడు. నేను మాస్కు మెడకు వేలాడేసుకుని, రోడ్డు నుంచి చేను దాకా అంబులెన్సు ముందు నడుస్తూ ఊదాను. ఆ ఎండాకాలం ఇంకా చాలామందిని అట్లాగే పంపాను. నామం పెట్టుకునే ప్రతి ఇంటివాళ్ళూ నా కాళ్ళకు నీళ్ళు పోశారు. మా అత్త కూడా ఏమీ అనలేదు. కార్తీకంలో మామ పోతే, ఆయన ముందు కూడా నేనే ఊదాను.

మరుసటి పెరటాసికి జనం మాస్కులు తీసేశారు, పద్ధతులు గుర్తు తెచ్చుకున్నారు. మొదటి శనివారానికి నేను సామాను సర్దుకుంటుంటే ఆంజనేయులన్న గిరిబాబుకు ఫోన్ చేశాడు. చావుకైతే దోషం లేదట, అప్పుడు వేరే దారి లేదు కాబట్టి సామి కూడా ఏమీ అనుకోడట. తళిగ శుభకార్యం కదా, ఆడమనిషి శంఖం పట్టుకుని దేవుడి ముందుకు వస్తే చుట్టాలు నానా మాటలంటారట. గిరిబాబు సరే అన్నా, సరే అన్నా అంటూ విన్నాడు. ఫోన్ పెట్టేశాక ఉపాయం చెప్పింది మాత్రం అతనే.

"నేను ముందర నిలబడి నోటికాడ పెట్టుకుంటాను. నువ్వు యాడైనా వెనకాల ఉండి ఊదు. ఎవురికి తెలస్తాది?"

అందుకోసమే ఆ రెండో శంఖం కొన్నాడు. నేను ఒప్పుకున్నాను. భయపడి కాదు, ఊదకుండా ఉండలేక. మామ పోయాక, సద్ది తీసుకెళ్ళే పని పోయి, నాకు ఆ గుట్ట కూడా లేదు. ఎక్కడో ఒకచోట, ఏ గోడ వెనకైనా సరే, ఊదనిస్తే చాలనుకున్నాను.

అప్పటి నుంచి పెరళ్ళలో, మెట్ల కింద, గ్యాసు సిలిండర్ల పక్కన, ఒక ఇంట్లో అయితే బాత్రూములో నిలబడి కూడా సామికి కబురు పంపాను. ఇంటి యజమానికి తెలుసు, ఇంటి ఆడవాళ్ళకు తెలుసు, చుట్టాలకు తెలియదు. మొదట్లో నవ్వొచ్చేది. ఒకసారి గిరిబాబు బుగ్గలు నొప్పి పుట్టి శంఖం దించేశాడు, నా ఊపిరి ఇంకా అయిపోలేదు. దించిన శంఖం మోగుతూనే ఉంది. హాల్లో అందరూ నోళ్ళు తెరిచారు. గిరిబాబు కళ్ళు మూసుకుని, "లోపల సామి పలకతాండాడు," అన్నాడు. ఆడవాళ్ళు అతని కాళ్ళ మీద పడ్డారు. ఇంటికొచ్చాక నాతో, "నీ ఊపిరి కొంచెం తగ్గించుకో," అన్నాడు.

మెల్లగా అతను నమ్మడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ నాకే చెప్పేవాడు, ఈ పొద్దు ఊదితే కిటికీ అద్దాలు అదిరినాయని, మునస్వామి కొడుకు తండ్రిని మించినాడని ఫలానా ఆయన అన్నాడని. నేను ఇంకొంచెం పులుసు పోసేదాన్ని. చంద్రిక ఒకసారి అది విని పొరపోయేదాకా నవ్వింది. "అమ్మా, నువ్వు నాయినకు డబ్బింగ్ చెప్తాండావు," అంది. తరువాత నవ్వు ఆపి, "డబ్బింగ్ చెప్పేవాళ్ళకైనా సినిమా చివర్లో పేరు ఏస్తారు కదా," అంది. కంచాలు ఎత్తుకుని లోపలికి వెళ్ళాను.

ఈ ఏడు మూడో శనివారం తళిగ ఆంజనేయులన్న వాళ్ళు మదనపల్లెలో కట్టుకున్న కొత్త ఇంట్లో. గిరిబాబు పంచె కట్టి, నామం దిద్దుకుని, వెండి తొడుగు శంఖం పట్టు గుడ్డలో పట్టుకుని ముందు గేటు దగ్గరకు వెళ్ళాడు. ఆంజనేయులన్న చెంబుతో నీళ్ళు పోసి, దండం పెట్టి, సామీ రండి అని లోపలికి తీసుకెళ్ళాడు. నేను మండీకి తీసుకెళ్ళే సంచిలో మామ శంఖం పెట్టుకుని పక్క సందులో నుంచి వెనక్కి నడిచాను. ఆయన కోడలు రూప వంటింటి తలుపు తీసి నవ్వింది. మంచి పిల్ల. ఆంజనేయులన్న భార్య వడలు వేయిస్తూ అక్కడి నుంచే నన్ను చూసి, "వచ్చినావా, ఎట్లా ఊరికే కూసోనుంటావు గదా, ఆ బోకులు రొంత కడిగెయ్యమ్మా," అంది.

కొళాయి దగ్గర కూర్చుని కడగడం మొదలుపెట్టాను. పక్కనే ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆంజనేయులన్న వాళ్ళ అమ్మ రాజమ్మ కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. ముక్కుపుడక మాత్రమే మొహంలో పెద్దదిగా కనిపిస్తోంది. నన్ను గుర్తుపట్టి దగ్గరకు రమ్మంది.

"మా ఆయనకు ఊదింది నువ్వే కదమ్మణ్ణీ?"

"నేనే అవ్వా."

"ఆ పొద్దు నన్ను చేను కాడికి రానియ్యలేదు. మొగం గూడా సూపించలేదు. మిద్దె మీద నిలబడుకోనుంటి. నీ శంఖం ఇనబడినంత సేపూ, ఆడ పోతాండాడు, ఆడ పోతాండాడు అనుకుంటి. అది ఆగిపోయినాకే ఏడిస్తి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సబ్బు చేతులతో తుడుచుకోలేక భుజానికి అద్దుకున్నాను. ఇన్నాళ్ళలో నా శంఖం గురించి నాతో మాట్లాడిన మనిషి, మామ తరువాత, ఈమె ఒక్కతే. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

కాసేపటికి ఆంజనేయులన్న వెనక తలుపులోంచి వచ్చాడు. తల్లి నిద్రపోతోందనుకుని నా పక్కన వంగి గొంతు తగ్గించాడు.

"నాగవేణమ్మా, అమ్మకు ఇంక లాభం లేదంటాండారు డాక్టర్లు. గుండె సగమే పనిచేస్తాండాదంట. ఈ చలికాలం దాటేది కష్టం. ఆ పొద్దు మాత్రం నువ్వే రావల్ల తల్లీ. గిరిబాబును నమ్ముకుంటే అయ్యే పని గాదు. నాయనకు ఊదినట్టే ముందర నడిసి, నువ్వే ఊదల్ల. నేనే వచ్చి నీ కాళ్ళకు నీళ్ళు పోసి పిల్సకపోతాను."

"ఈ పొద్దో అన్నా?" అని అడిగాను.

"ఈ పొద్దు ఇట్లే కానీమ్మా. బెంగళూరు నుంచి వియ్యంకులొచ్చిండారు. ఆ కిటికీ కింద నిలబడుకోని ఊదు, లోపలికి బాగా ఇనబడతాది."

నా చేతిలో ఉన్న గిన్నె వైపు చూసి, బాగా కడిగినావు అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను అవమానించాలని రాలేదు. తల్లి మీద ప్రేమతోనే వచ్చాడు. ఒకే నోటితో, ఒకే ఊపిరిలో, చావుకు నువ్వు ముందు నడువు, అన్నానికి కిటికీ కింద ఉండు అన్నాడు, అందులో తేడా ఏమీ ఆయనకు తోచలేదు. కోపం రావాలి కదా అని చూసుకున్నాను. కోపం కాదు వచ్చింది. చాలా రోజులుగా గొంతులో అడ్డం పడింది ఏమిటో తెలిసినట్టు అనిపించింది. నేను గోడ వెనక నిలబడి ఊదింది సామి కోసమని అనుకునేదాన్ని. కాదు. ఆ ఇళ్ళవాళ్ళకు వీలుగా ఉండడం కోసం. వాళ్ళకు పలికే శంఖమూ కావాలి, ఊదే మనిషి కనిపించకుండానూ ఉండాలి. దిక్కులేనప్పుడు నేను దేవుడి మనిషిని, చుట్టాలొచ్చినప్పుడు బోకులు తోమే మనిషిని. ఈ రెండు మాటలూ వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురు పడవు, ఎందుకంటే రెండిటికీ నేను పిలవగానే వస్తున్నాను.

లోపల కర్పూరం వాసన వచ్చింది. జేగంట మోగింది. చేతులు కొంగుకు తుడుచుకుని, సంచిలోంచి శంఖం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆంజనేయులన్న గొంతు వినిపించింది, గోవిందా అని. హాలంతా గోవింద అంది. అప్పుడు నేను ఊదాలి. కిటికీలోంచి గిరిబాబు వీపు కనిపిస్తోంది, శంఖం ఎత్తి, తల వెనక్కి వాల్చి, బుగ్గలు ఉబ్బించాడు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. నేను ఊదలేదు.

కాసేపు ఏమీ జరగలేదు. మళ్ళీ గోవిందా అన్నారు, ఈసారి ఇంకా గట్టిగా. గిరిబాబు బుగ్గలు అట్లాగే ఉన్నాయి. లోపల ఒక చిన్న పిల్ల, ఇంకా ఎప్పుడు తినేది అని అడిగింది. రూప వంటింటి తలుపులోంచి తల పెట్టి, "అక్కా, ఊదు, అందరూ సూస్తాండారు," అంది.

"ఊదను పాపా," అన్నాను.

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం చూసి తలుపు వారగా నిలబడిపోయింది. తరువాత గిరిబాబు వచ్చాడు, అతని వెనక ఆంజనేయులన్న.

"నిద్రపోతాండావా ఏమే? నా బుగ్గలు పీకతాండాయి," అన్నాడు గిరిబాబు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. మామ శంఖం అతనికి అందించాను. "ఊదప్పా. మీ నాయనదే కదా."

అతను శంఖం వైపు చూశాడు. చెయ్యి చాపలేదు. ఆంజనేయులన్న ముందు, నా ముందు, రాతిదుమ్ము సంగతి కూడా ఎత్తలేదు. వెండి తొడుగు శంఖాన్ని మెల్లగా పట్టు గుడ్డలో చుట్టుకున్నాడు. అతని మీద జాలి వేసింది నాకు. తండ్రి నేర్పలేక వదిలేసిన పిల్లవాడిలా కనిపించాడు. కానీ ఆ జాలితో ఊదదలచుకోలేదు.

"ఇప్పుడేంది తల్లీ ఇది," అన్నాడు ఆంజనేయులన్న. "ఊదేసెయ్. ఆమీద తీరిగ్గా మాట్లాడుకుందాం. పొద్దన్నుంచి అమ్మ పస్తుండాది."

"నేను పొద్దన్నే ఇడ్లీ తింటిలే," అంది రాజమ్మ కళ్ళు తెరవకుండానే. "మాత్ర ఏసుకోవల్ల గదా."

నేను లేచి నిలబడ్డాను. ఆయన వైపు తిరిగి చెప్పాను.

"అన్నా, ఇంక గోడల వెనక నుంచి ఊదను. మీ ఇంట్లోనే గాదు, ఎవురింట్లోనూ ఊదను. తళిగకు లోపలికి పిలవని ఇంటికి సావుకు గూడా రాను. రెండిటికీ ఉండేది ఒకే శంఖం."

"అమ్మకు గూడానా?" అన్నాడు. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది.

దానికి జవాబు చెప్పడం నాకు చాలా కష్టమైంది. రాజమ్మ వైపు చూడలేకపోయాను. "అవ్వకు గూడా," అన్నాను.

కొళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. గిరిబాబు వంగి కొళాయి కట్టేశాడు. అప్పుడు రాజమ్మ కళ్ళు తెరిచింది. కొడుకు మాటలు కూడా ఆమె మొదటి నుంచీ విన్నదని నాకు అప్పుడు తెలిసింది. కొడుకుని కాదు, నన్నే చూస్తూ మాట్లాడింది.

"సచ్చినాక ఊదితే నాకు యాడ ఇనబడతాదమ్మణ్ణీ? ఇప్పుడు ఊదు. దేవుని ముందర కూసోని ఇంటాను. నన్ను లోపలికి పట్టకపో."

రూప వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. రాజమ్మ ఇంకో చెయ్యి నా వైపు చాపింది. వంటింటి తలుపు తెరిచే ఉంది. ఆ తలుపులోంచి వెళితే దేవుడి ముందుకు పది అడుగులు కూడా ఉండవు. ఆంజనేయులన్న పక్కకు తప్పుకోబోయాడు కూడా.

నేను ఆమె చేతిని కళ్ళకద్దుకుని రూపకు అప్పగించాను.

"మీరు పోయి కూసోండి అవ్వా. నేను ఈ తలుపులోంచి రాను. ముందర నుంచి వస్తాను."

పక్క సందులోంచి నడిచి ముందు వాకిట్లోకి వచ్చాను. చెప్పులు విడిచి, మామ శంఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. హాల్లో కూర్చున్నవాళ్ళు ఒకరి తరువాత ఒకరు తల తిప్పి చూశారు. రాజమ్మ తళిగ ముందు కుర్చీలో కూర్చుని, వాకిలి వైపు మొహం తిప్పుకుంది. గిరిబాబు కూడా లోపలికి వచ్చాడు. గరుడకంబం పక్కన కాసేపు నిలబడి, తరువాత గోడ వారన అందరితో పాటు కింద కూర్చున్నాడు. బెంగళూరు వియ్యపురాలు రూపను చెవిలో ఏదో అడిగింది. రూప, "శంఖం ఊదేది ఆమే," అని అందరికీ వినబడేలా చెప్పింది.

గడప పక్కనే చెంబు ఉంది, నీళ్ళతో నిండుగా. ఆంజనేయులన్న దాని వైపు చూశాడు, వియ్యంకుల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. నేను గడప దాటలేదు. లోపల అందరికీ ఆకలిగా ఉంది. నాకు మాత్రం తొందరేమీ లేదు.